ట్రాక్టరు గేరు – దాని లోగుట్టు



ఈ పూట ట్రాక్టరు గేరును గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. గ్రామాలకు వెళ్ళినపుడు ఇంజను గురించి, డీజిలు ఖర్చు గురించి, టైర్ల గురించి చాలామంది అడుగుతారు. గేరు గురించి మాత్రం ఎవరూ అడగరు. అది చేతికిందనే ఉంటుంది, తోస్తే పడుతుంది, ఇంక తెలుసుకోవలసింది ఏముందని వారి భావం. అయితే చెరువు కట్ట మీదినుంచి, ఘాట్ రోడ్డు మీదినుంచి బరువుతో దిగుతూ అదుపు తప్పే ట్రాక్టర్ల సంగతి మీరూ వింటూనే ఉన్నారు. అటువంటి ప్రమాదాలలో కొన్ని గేరు కర్రను న్యూట్రల్‌కు తెచ్చిన క్షణంలోనే మొదలవుతాయి. కావున ఆ కర్ర కింద ఏమి జరుగుతుందో మనం తెలుసుకోవడం అవసరం.

ముందుగా, గేర్లు అసలు ఎందుకు? ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. వెనక చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 4 మీటర్లు సాగుతుందనుకోండి. దమ్ములో గంటకు 2.4 కిలోమీటర్ల వేగం కావాలి. అంటే నిమిషానికి 40 మీటర్లు, చక్రం 10 చుట్లు. ఇంజను 200 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరగాలన్నమాట. అదే ట్రాక్టరు రోడ్డు మీద గంటకు 24 కిలోమీటర్లు పోవాలంటే చక్రం నిమిషానికి 100 చుట్లు తిరగాలి. అప్పుడు ఇంజను 20 చుట్లకు చక్రం ఒక చుట్టు. వేగం తగ్గినకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది. రాపిడికి పోయేది పక్కన పెడితే, మొదటి లెక్కలో చక్రానికి అందే తిప్పుడు బలం రెండవదానికి పదింతలు. ఇంజను ఒక్కటే, పనులు వేరు. పనికి తగినట్లు బలాన్నీ వేగాన్నీ పంచి ఇచ్చేదే గేరుబాక్సు.

మన ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించేది ముందుకు 8, వెనక్కు 2 గేర్ల ఏర్పాటు. లోపల ఎనిమిది జతల చక్రాలు వేరువేరుగా ఉంటాయనుకోవద్దు. పెద్ద కర్రకు ముందుకు నాలుగు, వెనక్కు ఒకటి. చిన్న కర్రకు హై, లో అని రెండు. నాలుగు రెండ్లు ఎనిమిది, ఒక రెండు రెండు. తక్కువ చక్రాలతో ఎక్కువ వేగాలు రాబట్టే పొదుపైన ఉపాయం ఇది.

ఇక గేరు మార్చే ఏర్పాటు చూద్దాం. మీరు పట్టుకొనే కర్ర నడుమ ఒక గుండ్రని గుబ్బ ఆసరాగా ఉంటుంది. గుబ్బ పైన కర్ర 40 సెంటీమీటర్లు, కింద 5 సెంటీమీటర్లు ఉన్నదనుకోండి. గడ్డపారతో బండ లేపినట్లే ఇక్కడా లెక్క. చేత్తో 5 కిలోల బలం పెడితే కింద 40 కిలోల బలం అవుతుంది. అయితే చెయ్యి 8 సెంటీమీటర్లు కదిలితే కింది కొస 1 సెంటీమీటరే కదులుతుంది. బలం కావాలంటే కదలిక తగ్గుతుంది, కదలిక కావాలంటే బలం తగ్గుతుంది. ఈ రెంటికీ రాజీ కుదర్చడమే తయారుచేసేవారి మొదటి పని. ఆ గుబ్బ అరిగితే మీ చెయ్యి పూర్తిగా కదిలినా కింద గేరు పూర్తిగా కదలదు. అప్పుడు పళ్ళు సగం వెడల్పులోనే కలుస్తాయి, మొత్తం బరువు ఆ సగం మీద పడుతుంది, కొసలు చిట్లుతాయి.

కర్ర కింది కొస ఒక ఉక్కు కడ్డీని జరుపుతుంది. ఆ కడ్డీకి పంగల కర్ర ఆకారంలో ఒక ముక్క బిగించి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఫోర్కు అంటారు. ఆ పంగ రెండు కొసలు గేరు పక్కనున్న గాడిలో కూర్చొని గేరును అటో ఇటో జరుపుతాయి. గేరు తిరుగుతుంది, పంగ తిరగదు. అందుకని పంగకూ గాడికీ మధ్య కొంచెం సందు ఉంచుతారు. గేరు పడిన తరువాత పంగ మీద ఒత్తిడి ఉండకూడదు. ఇక్కడ ఒక అలవాటు సంగతి చెప్పాలి. డ్రైవర్లు కొందరు నడుపుతున్నంతసేపూ గేరు కర్ర మీద చెయ్యి ఆనించి ఉంచుతారు. ఆ చేతి బరువు కిందికి ఎనిమిదింతలై దిగుతుంది. పంగ గాడి గోడకు రాచుకుంటూనే ఉంటుంది, నాళ్ళు గడిచేకొద్దీ అరుగుతుంది. గేరు పడగానే చెయ్యి స్టీరింగు మీదికి పోవాలి.

గేరు పడినచోట నిలిచి ఉండేది ఎలా? కడ్డీకి మూడు గుంటలు ఉంటాయి. నడుమది న్యూట్రల్, ఇటు ఒక గేరు, అటు ఒక గేరు. స్ప్రింగు అదుముతున్న ఒక ఉక్కు గోలీ వచ్చి గుంటలో కూర్చుంటుంది. గేరు పడినపుడు చేతికి తగిలే ‘టక్’ అదే. స్ప్రింగు మరీ గట్టిదైతే చెయ్యి నొప్పి పుడుతుంది, మెత్తనిదైతే గతుకుల్లో గేరు దానంతట అదే ఊడిపోతుంది. గోలీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా చాలా గేరుబాక్సుల్లో పళ్ళను కూడా ఒక వాటంగా చెక్కుతారు. పంటి కొస రవంత వెడల్పు, మొదలు రవంత సన్నం. లాగుడు పడినకొద్దీ రెండు భాగాలు ఒకదానిలోకి ఒకటి ఇంకా బిగుసుకుంటాయి. ఆ వాటం అరిగిపోతే స్ప్రింగు మార్చినా ప్రయోజనం ఉండదు.

మరొక కాపలా ఉన్నది. రెండు గేర్లు ఒక్కసారే పడితే ఏమౌతుంది? ఒకటి చక్రాన్ని ఒక వేగంతో తిప్పమంటుంది, ఇంకొకటి మరో వేగంతో తిప్పమంటుంది. రెండూ సాగవు, లోపలంతా బిగిసిపోయి పళ్ళు విరుగుతాయి. అది జరగకుండా కడ్డీల మధ్య ఒక చిన్న పిన్నో గోలీయో పెడతారు. ఒక కడ్డీ కదలగానే అది పక్క కడ్డీ గుంటలోకి దూరి గడియ వేస్తుంది. మొదటిది న్యూట్రల్‌కు తిరిగి వచ్చేదాకా రెండవది కదలదు. చూడబోతే చింతగింజంత ముక్క, కాపాడేది వేల రూపాయల సామాను. విప్పి బిగించేటప్పుడు ఈ పిన్ను మరచిపోయే మెకానిక్కులు లేకపోలేదు. గేరుబాక్సు రిపేరు మీ ఎదుట జరుగుతుంటే, ‘ఇంటర్‌లాక్ పిన్ను వేశారా?’ అని ఒక్క మాట అడగండి.

ఇంత కట్టుదిట్టంగా ఉన్న ఈ ఏర్పాటు ఒక్కదానికి మాత్రం అడ్డు చెప్పలేదు. ఎత్తునుంచి పల్లానికి దిగుతున్నప్పుడు మీ చెయ్యి కర్రను న్యూట్రల్‌కు లాగితే ఆపే గడియ అందులో లేదు. బయటికి వచ్చినంత సులువుగా తిరిగి లోపలికి పోవడం మాత్రం కుదరదు.

కారణం చూడండి. 1890ల కాలంలో ఫ్రాన్సులో పాన్‌హార్, లెవాసర్ కంపెనీ వారి మోటారు బండ్లలో గేర్లను పక్కకు జరిపి కలిపే పద్ధతి వాడుకలోకి వచ్చింది. తిరుగుతున్న రెండు పళ్ళ చక్రాల వేగాలు సరిపోకపోతే అవి కలవవు, గరగరలాడతాయి. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో, పళ్ళు కలిసేముందు రాపిడి కప్పుతో రెంటి వేగాలనూ సమానం చేసే సింక్రోమెష్ పద్ధతి వచ్చింది. ట్రాక్టర్లలో కొన్నింటికి ఇది ఉన్నది, చాలావాటికి లేదు. ఉన్న వాటిలోనూ అన్ని గేర్లకూ ఉండకపోవచ్చు. హై, లో కర్రను బండి పూర్తిగా ఆగిన తరువాతే కదపాలన్నది సాధారణ నియమం. మీ బండికి ఏ పద్ధతి ఉన్నదో యజమాని పుస్తకంలో చూసుకోండి.

ఇప్పుడు చెరువు కట్ట దిగుడు తలచుకోండి. వెనక ట్రాలీ నిండా వడ్ల బస్తాలు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. ఎద్దుల బండి పల్లానికి దిగేటప్పుడు ఎడ్లు వెనక్కు ఒరిగి కాడితో బండిని నిలవరిస్తాయి. ట్రాక్టరులో ఆ పని చేసేది ఇంజను. చిన్న గేరులో ఉంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజనును ఎన్నో చుట్లు తిప్పవలసి వస్తుంది, ఆ బరువే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేశారంటే ఎడ్లను విప్పి బండిని పల్లానికి వదిలినట్లే. క్లచ్ తొక్కి ఉంచినా అంతే. నాలుగు చుక్కల డీజిలు మిగులుతుందని ఆ పని చేసి, వేగం పెరిగాక మళ్ళీ గేరు వేయబోతే పళ్ళు కలవవు. బ్రేకులు ఒక్కటే మిగులుతాయి. వెనక బరువు తోస్తుంటే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి, ట్రాలీ వంకర తిరిగి ట్రాక్టరును పడదోస్తుంది.

కావున ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. గేరు ఎంచుకోవలసింది పల్లం మీద కాదు, పల్లానికి ముందు. కట్ట మీదనే ఆగి, చిన్న గేరు వేసి, రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపే గొళ్ళెం పడిందో లేదో చూసుకొని అప్పుడు దిగండి. దిగేదాకా క్లచ్ మీద కాలు పెట్టవద్దు. ఎక్కుడుకూ ఇదే నియమం. సగం మిట్టలో గేరు మార్చబోతే బండి ఆగుతుంది, ఆపైన వెనక్కు జారుతుంది. ట్రాలీలో కూలీలను, పిల్లలను ఎక్కించుకోవడం చట్టానికే విరుద్ధం. పల్లంలో ఆ తప్పు ప్రాణాలతో తీరుతుంది.

పొలంలో సంగతి కూడా చూద్దాం. రోటవేటరు లోతుగా, మెత్తగా దున్నాలంటే బండి నెమ్మదిగా పోవాలి. కొందరు ఇందుకు రేజు తగ్గిస్తారు. అది సరికాదు. రోటవేటరును తిప్పే పి.టి.ఓ. వేగం ఇంజను వేగాన్ని బట్టి ఉంటుంది. రేజు తగ్గిస్తే కత్తులూ మందగిస్తాయి, పెడ్డలు మిగులుతాయి. రేజు ఉండవలసినంత ఉంచి గేరు తగ్గించండి. పి.టి.ఓ.తో పని లేని తేలిక పనుల్లో ఇందుకు మారుగా ఒక గేరు పెంచి, రేజు తగ్గించి నడిపితే డీజిలు ఆదా అవుతుంది. ఇంజను పొగ కక్కుతూ మూలిగితే మాత్రం గేరు ఎక్కువైనదని తెలుసుకోండి.

దమ్ములో చక్రాలు దిగబడినపుడు చిన్న గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదలవద్దు. చక్రం కదలకపోతే ఆ బలమంతా ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. క్షణంలో బండి వెనక్కు తిరగబడి డ్రైవరు మీద పడవచ్చు. అటువంటప్పుడు రివర్సులో, నిదానంగా బయటికి తీయండి. చక్రానికి దుంగ కట్టి ముందుకు లాగే ప్రయత్నం ఎన్నడూ చేయకండి.

గేరు తన బాధను తానే చెప్పుకుంటుంది, మనం వినాలి. ఏ గేరు వేసినా గరగరమంటే ముందు క్లచ్ చూడండి. పెడలు ఆట సరిగా లేక క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో! ఒక్క గేరు మాత్రమే ఊడిపోతుంటే ఆ కడ్డీ గోలీ స్ప్రింగునో, పంగనో, పళ్ళనో అనుమానించండి. కర్ర అన్ని వైపులా వదులుగా ఊగితే గుబ్బ అరిగినట్లు. ఆయిలు పాలు కలిపినట్లు తెల్లగా కనిపిస్తే దమ్ములో నీరు చేరినట్లు, వెంటనే మార్పించాలి. ఆయిలులో మెరిసే ఉక్కు తునకలు కనిపిస్తే బండిని ఆపి విప్పించాలి. ఈ గుర్తులను తొలినాళ్ళలో పట్టుకుంటే స్ప్రింగు ఖర్చుతో పోతుంది, ఆలస్యం చేస్తే గేర్ల ఖర్చు మీద పడుతుంది.

కొత్త ట్రాక్టరు కొనేవారు గుర్రపు బలం ఒక్కటే అడగకండి. ఏ గేరులో ఎంత వేగమో అడగండి. మీ దమ్ముకు, మీ రోటవేటరుకు, మీ రవాణాకు తగిన వేగాలు అందులో ఉన్నాయో లేదో చూడండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. వాటిలో ప్రతి గేరు వేగమూ ఉంటుంది. పాత బండి కొనేవారు ప్రతి గేరులోనూ, రివర్సుతో సహా, బరువు మీద నడిపి చూడందే బయానా ఇవ్వవద్దు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ప్రదర్శన పొలంలో విత్తనం, ఎరువు గురించి చెప్పినట్లే, డ్రైవర్లను కూడగట్టి ఒక పాత గేరుబాక్సు మూత విప్పి చూపించండి. గోలీని, పంగను కంటితో చూసినవాడు కర్రను వేరుగా పట్టుకుంటాడు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. అక్కడ రైతులకూ యువకులకూ శిక్షణ ఇస్తారు. మీ గ్రామంనుంచి ఒక్కరినైనా పంపే ఏర్పాటు చూడండి.

సోదరులారా! మీరు ట్రాక్టరు తాళం కొడుకు చేతికో, జీతగాడి చేతికో ఇస్తారు. ఇచ్చే ముందు డీజిలు ఉందా, గాలి ఉందా అని అడుగుతారు. దానికి తోడు ఈ మాట కూడా చెప్పండి: ‘కట్ట దిగేముందు ఆగు, చిన్న గేరు వెయ్యి, కింది దాకా న్యూట్రల్ చెయ్యకు’. చెప్పడానికి నిమిషం పట్టదు.