పాత జీపుకు సరిజోడు ఇరుసు

నేను బడిపంతుల్ని, మెకానిక్కును కాను. అయినా పళ్ళిపట్టు చుట్టుపక్కల ఎవరి జీపుకైనా సామాను కావలసి వస్తే, "అయ్యోరా, ఒక చీటీ రాసియ్యండి" అంటూ మా ఇంటికి వస్తుంటారు. నాకు తెలుగూ తమిళమూ రెండూ రాయడం వచ్చు, ఇంగ్లీషు కాటలాగు చదవడం వచ్చు. అదే నా అర్హత. ఆ చీటీ పట్టుకొని చిత్తూరుకో, చెన్నై పుదుప్పేటకో పోతారు. "ఏం రాయమంటావప్పా?" అని అడిగితే, "మహీంద్రా జీపు, వెనక యాక్సిల్ ఒకటి అని రాయండి" అంటారు. అంతమాత్రం రాస్తే ఎందుకు చాలదో ఈరోజు మీకు చెబుతాను.

జీపు మనకు షోకు బండి కాదని మీకు తెలుసు. మామిడి కాయలు తోపులోనుంచి రోడ్డెక్కాలన్నా, చెరకు కొట్టే కూలీలు గుట్టల పక్క పల్లెలకు చేరాలన్నా నాలుగు చక్రాలూ లాగే బండే కావాలి. పైన కృష్ణాపురం డ్యాంలో నీళ్ళు వదిలారంటే కుశస్థలి దాటే దారులు ఎలా ఉంటాయో నేను వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి చోట ఇరుసు విరిగితే ఆ రోజు కూలి మాత్రమే పోయేది కాదు. వెనక పదిమంది కూర్చొని ఉంటారు.

మొదట ఒక సంగతి. బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బిగించడం 1947లో మొదలుపెట్టారు. తర్వాత వాటిని ఇక్కడే తయారు చేశారు. సి.జె. 3బి అనే నమూనా మన దేశంలో దశాబ్దాలపాటు నడిచింది. ఆ తర్వాత ఎం.ఎం. 540 వంటివి వచ్చాయి. పైకి చూస్తే అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. లోపల ఇరుసులు మాత్రం ఒకటి కావు. పైగా మన దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్క జీపు ఎన్ని చేతులు మారి ఉంటుందో! ఏ షెడ్డులో ఏ బండి ఇరుసు దీనికి ఎక్కిందో ఎవరూ రాసి పెట్టలేదు. అందుకని ఆర్.సి. పుస్తకంలో ఉన్న పేరు చూసి ఇరుసు కొనకూడదు. బండి కింద ఉన్న ముక్కను చూసి, కొలిచి కొనాలి.

ఇది మనకు కొత్త విద్య కాదు. ఎద్దుల బండికి ఇరుసు చేసే వడ్రంగి "నీది ఏ ఊరి బండి?" అని అడిగేవాడు కాదు. పాత ఇరుసును, చక్రం కుండనూ ముందర పెట్టుకొని కొలిచేవాడు. 1960లో తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాయి. ఇరుసును అచ్చు అనడం అప్పటినుంచి ఎక్కువైందేమో కానీ కొలత మారలేదు.

సరే, బండి దగ్గరికి వద్దాం. వెనక చక్రం మధ్యలో చూడండి. లోతుగా ఒక పెద్ద నట్టు, దానికి స్ప్లిట్ పిన్ను ఉంటే అది ఒక రకం. నట్టు పైకి కనబడకుండా ఒక మూతలాంటి బిళ్ళ, దాని చుట్టూ చిన్న బోల్టులు ఆరు ఉంటే అది ఇంకొక రకం. రెండోది రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లీసుల్లో ఉండేది. అందులో బండి బరువును హౌసింగు గొట్టమే మోస్తుంది, లోపలి ఇరుసు తిప్పడం ఒక్కటే చేస్తుంది. విరిగినా చక్రం నిలబడే ఉంటుంది. మొదటి రకంలో అలా కాదు. తిప్పేదీ ఇరుసే, బరువు మోసేదీ ఇరుసే. బేరింగుకు బయటివైపు విరిగిందంటే డ్రమ్ముతో సహా చక్రం ఊడి బయటికి వచ్చేస్తుంది. మన వైపు ఎక్కువగా కనిపించేది ఈ రకమే. కనుక ఇందులో చవక సరుకు కోసం బేరమాడటం నాకు నచ్చదు.

ఇంకొక ప్రమాదం చాలామందికి తట్టదు. విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనక ఇరుసు ఒక పక్క విరిగితే రెండో పక్క ఇరుసు డిఫరెన్షియల్లో ఊరికే తిరుగుతుంది. అంటే బండి లాగదు, హ్యాండ్ బ్రేకూ నిలపదు. గుట్ట మీద ఇలా జరిగితే ముందు చక్రాలకు రాళ్ళు పెట్టాకే మనుషులు దిగాలి.

ఇక ఎడమా కుడీ. ఈ జీపుల్లో క్రౌన్ ఉండే గుండు హౌసింగు నడిమధ్య ఉండదు, కుడివైపు జరిగి ఉంటుంది. కనుక కుడి ఇరుసు పొట్టి, ఎడమది పొడుగు. కుడి ఎడమలంటే డ్రైవరు సీట్లో కూర్చొని ముందుకు చూసేవాడి కుడి ఎడమలు. బండి వెనక నిలబడి చూసినా అవే వస్తాయి కానీ, ముందు నిలబడి బానెట్టు వైపు చూస్తూ చెబితే తారుమారైపోతాయి. ఇక్కడ మన భాషలు చేసే అల్లరి ఒకటుంది. తమిళంలో వలదు అంటే కుడి. చెన్నై అంగట్లో అతను "వలదా?" అని అడిగితే, చిత్తూరు వైపునుంచి వచ్చినాయన వద్దా అని అడుగుతున్నాడనుకొని "కావాలి, కావాలి" అన్నాడట. కుడి ఇరుసు మూట కట్టి ఇచ్చేశారు. ఆయనకు కావలసింది ఎడమది. నిజంగా జరిగిందో కల్పించారో గాని, నేను చీటీలో పొడుగుది, పొట్టిది అని కూడా రాయడం అందుకే. దాని పక్కన కొసనుంచి కొసకు ఎన్ని మిల్లీమీటర్లో రాస్తాను. విరిగిన ముక్కలు రెండూ ఉంటే వాటిని కలిపి పెట్టి టేపుతో కొలవవచ్చు. ట్రాకు వెడల్పుగా ఉండే నమూనాలకు ఇరుసు పొడుగూ మారుతుంది కనుక ఈ కొలత తప్పదు.

తర్వాత స్ప్లైన్లు. ఇరుసు లోపలి కొసన పొడుగునా కోసిన గాడులుంటాయి కదా, వాటిని లెక్కపెట్టండి. స్పైసర్ 44 అనే తరహా ఇరుసులో పాతవాటికి 10, తర్వాతవాటికి 19, ఇంకా తర్వాత వచ్చినవాటికి 30 ఉంటాయి. సంఖ్య కలవకపోతే ఆ ఇరుసు లోపలి గేరులోకి దూరనే దూరదు. సుద్దముక్కతో ఒకదానికి గుర్తు పెట్టి లెక్కపెడితే తప్పు రాదు.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన లెక్క. క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 8 పళ్ళు ఉంటే 43ను 8తో భాగించండి. 5.375 వస్తుంది. దాన్నే 5.38 అంటారు. 39 పళ్ళు, 8 పళ్ళు అయితే 4.875, అంటే 4.88. యుద్ధకాలపు జీపుకు 4.88, సి.జె. 3బికి 5.38. మన రోడ్ల మీద ఉన్న పాత జీపుల్లో రెండూ కనిపిస్తాయి. హౌసింగు మూత బోల్టు కింద చిన్న రేకు బిళ్ళ మిగిలి ఉంటే పళ్ళ సంఖ్య దాని మీదే ఉంటుంది. చాలా బండ్లలో అది ఏనాడో పోయింది. అప్పుడు మూత విప్పకుండా తెలుసుకునే ఉపాయం ఉంది.

ముందు చక్రాలకు రెండువైపులా రాళ్ళు పెట్టండి. గేరు న్యూట్రల్లో, చిన్న లివరు టూ వీల్లో ఉంచి హ్యాండ్ బ్రేకు వదిలేయండి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపండి, రెండోది నేలమీదే ఉండాలి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దగీత పెట్టి, లేపిన చక్రాన్ని సరిగ్గా 10 చుట్లు తిప్పండి. ఒక చక్రం కదలకుండా ఉంది కనుక క్రౌన్ 5 చుట్లే తిరుగుతుంది. షాఫ్టు 27 చుట్లకు ఒక పిసరు తక్కువ తిరిగితే మీది 5.38. 24 చుట్లు దాటి పావు, అరల మధ్య ఆగితే 4.88. ఒక్క చుట్టు తిప్పి చూస్తే తేడా పట్టుబడదు, 10 తిప్పాలి. మా బళ్ళో నిష్పత్తి పాఠానికి పుస్తకంలోని లెక్కకన్నా ఇదే పిల్లలకు బాగా ఎక్కుతుంది. ముందు ఇరుసుకూ ఇలాగే చూడండి. అప్పుడు వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాలి, ఫ్రీ వీల్ హబ్బులుంటే వాటిని లాకులో వేయాలి.

ముందూ వెనకా ఒకటే రావాలి. రాకపోతే ఏమవుతుంది? ఫోర్ వీల్లో వేసినప్పుడు రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాలి. 5.38కి 4.88కి తేడా నూటికి పది. వెనక చక్రాలు కిలోమీటరు నడిచే లోపల ముందు చక్రాలు ఇంకొక 100 మీటర్లు నడవాలని చూస్తాయి. ఇసుకలో టైర్లు జారి సర్దుకుంటాయి. గట్టినేల మీద సర్దుకునే చోటు లేదు, ఆ బిగువంతా లోపలి ఇనుము భరించాలి. మా పక్క ఊళ్ళో మామిడి లోడు తోలే ఒకాయనకు ఒకే సీజనులో రెండు ఇరుసులు విరిగాయి. సరుకు మంచిది కాదని అంగడివాణ్ణి తిట్టాడు. సుద్దగీత పెట్టి తిప్పి చూస్తే ముందుది ఒక నిష్పత్తి, వెనకది ఇంకొకటి. అంతకుముందు యజమాని ఎప్పుడో వెనక హౌసింగు మొత్తం మార్చి ఉంటాడు. వెనకా ముందూ వేరే సైజు టైర్లు వేసినా ఇదే జబ్బు కొంత మోతాదులో వస్తుంది.

నిష్పత్తి మార్చాలంటే క్రౌన్, పినియన్ జతగానే కొనాలి. అవి రెండూ ఒకదానితో ఒకటి రాసుకొని కుదిరిన జోడీ. ఒకే నంబరు రెండింటి మీదా చెక్కి ఉంటుంది. "పినియన్ ఒక్కటే అరిగింది, అదొక్కటీ ఇస్తా" అనే మాటకు ఒప్పుకోకండి.

ముందు ఇరుసు గురించి క్లుప్తంగా చెబుతాను. లోపల చక్రం తిరిగే చోట ఉండే జాయింటు అన్ని జీపుల్లో ఒకటి కాదు. కొన్నిటిలో గుండ్లు, కొన్నిటిలో ప్రొపెల్లర్ షాఫ్టుకు ఉన్నట్టే క్రాసు ఉంటుంది. జాయింటుతో సహా విప్పి, పాతదాని పక్కన కొత్తది పెట్టి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు. బేరింగుల పని మాత్రం సులువు. వాటి మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు లోకమంతా ఒకటే. విల్లీస్ జీపు ముందు చక్రం బేరింగుకు కోను 18590, కప్పు 18520. ఈ నంబర్లు చెబితే జీపు పేరెత్తకుండానే ఏ బేరింగుల అంగట్లోనైనా ఇస్తారు.

పుదుప్పేటలో పాత ఇరుసు కొంటున్నారా, స్ప్లైన్ల గీతలు వెలుతురులో చూడండి. తిన్నగా ఉండాలి. తాడు పేనినట్టు ఏ కాస్త మెలి తిరిగి ఉన్నా అది ఇదివరకే అలసిపోయిన ఇనుము. బయటి కొసన కోనుగా ఉండే భాగం మీద, కీ గాడి మూలల్లో కిరసనాయిలుతో తుడిచి, ఆరాక సుద్దపొడి పూయండి. పగులుంటే నూనె గీతలా ఊరి కనబడుతుంది. ఇప్పుడు సెల్‌ఫోనులో ఫోటో పంపితే అంగడివాళ్ళు చూస్తున్నారు, మంచిదే. ఫోటోలో ఇరుసు పక్కన స్కేలు పెట్టండి, లేకపోతే పొడుగుదీ పొట్టిదీ ఒకేలా కనిపిస్తాయి.

బిగించేటప్పుడు మెకానిక్కు పక్కన నిలబడి రెండు సంగతులు అడగండి. ఒకటి, షిమ్ములు. పెద్ద నట్టు రకంలో ఇరుసు లోపలికీ బయటికీ ఆడే ఆట 4 నుంచి 8 తౌలు, అంటే మిల్లీమీటరులో పదో వంతునుంచి ఐదో వంతు దాకా ఉండాలి. రెండు ఇరుసులూ మధ్యలో ఒకే దిమ్మెకు ఆనుకుంటాయి కనుక షిమ్ములు రెండువైపులా సమంగా సర్దాలి. రెండోది, ఆ పెద్ద నట్టు. 150 పౌండు అడుగుల బిగువు కావాలి. మూడడుగుల గొట్టం పానాకు తొడిగి, దాని కొసన దాదాపు 23 కిలోల బలం పెట్టినట్టు లెక్క. నట్టు వదులుగా ఉంటే హబ్బు కోను మీద కదిలి మొదట కీని, తర్వాత కొత్త ఇరుసును తినేస్తుంది. నూరు కిలోమీటర్లు నడిచాక పిన్ను తీసి ఇంకొకసారి బిగించండి. పిన్ను రంధ్రం కలవలేదని నట్టును వెనక్కి వదలకూడదు, ముందుకే తిప్పి కలపాలి.

విరిగిన పాత ముక్కను మాత్రం అప్పుడే పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. రెండో పక్క ఇరుసు కూడా అదే వయసుది, దానికి చీటీ రాసే రోజున ఈ ముక్క పనికొస్తుంది.