చేయూతకూ శిక్షణ కావాలి
(పాఠశాల అమృతోత్సవాల సందర్భంగా, కళాశాల విద్యార్థి సేవకుల శిక్షణ ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్భయి ఐదు వసంతాలు నిండిన ఈ శుభ సంవత్సరంలో మనము తలపెట్టిన కార్యక్రమాలలో సాయంకాలపు అభ్యాస కేంద్రం ఒకటి. కళాశాలలో చదువుకొంటున్న మన పూర్వ విద్యార్థులు వారానికి రెండు సాయంకాలాలు ఇక్కడికి వచ్చి, ఇంట ఆసరా కొరవడి చదువులో వెనుకబడిన పిల్లల ప్రక్కన కూర్చోవాలన్నది సంకల్పం. పేర్లిచ్చిన వారందరికీ నా అభినందనలు. అయితే ఒక్క మాట ముందుగానే మనవి చేస్తాను. సేవ చేయాలన్న కోరిక ఉత్తమమైనదే కాని, కోరిక ఒక్కటే చాలదు. నిస్సహాయ స్థితిలో ఉన్న పిల్లవాని దగ్గరకు వెళ్ళేవారు కొంత నేర్చుకొని వెళ్ళాలి. లేనిచో మేలు చేయబోయి కీడు చేసినవారమౌతాము.

ఎవరీ పిల్లలు? తల్లిదండ్రులు లేనివారు మాత్రమే ఆదరణకు నోచుకోనివారని లోకం అనుకొంటుంది. మన షోలాపూరులో తెలుగువారు నివసించే పేటలను ఒక్కసారి చూడండి. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పెద్దల సంతతి మనము. నేటికీ ఎన్నో ఇండ్లలో తండ్రి మరమగ్గం మీద, తల్లి బీడీల మీద ఆధారపడి ఉన్నారు. తల్లి రాత్రి తునికాకు నానబెడుతుంది. తెల్లవారి రేకు కొలతకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, మరునాడు కార్ఖానాకు తీసుకుపోయి లెక్క అప్పజెబుతుంది. అక్కడ బాగులేవని తీసివేసిన బీడీలకు కూలి లేదు. తండ్రికి ఒక వారం పగటి పాళీ, మరొక వారం రాత్రి పాళీ. ఆ ఇంట పదేండ్ల ఆడపిల్ల బడినుండి రాగానే తమ్ముణ్ణి చంకనెత్తుకొని, బీడీల మొనలు ముడుస్తూ కూర్చొంటుంది. తల్లి ఉన్నది, తండ్రి ఉన్నాడు, ఇల్లు ఉన్నది. కాని ఆ పిల్ల చదువును ఒక గంటసేపు పట్టించుకొనే తీరిక ఆ ఇంట ఎవ్వరికీ లేదు. త్రాగుడు ప్రవేశించిన ఇల్లు, తండ్రి గతించిన ఇల్లు, అమ్మమ్మ ఒక్కతే పెంచుతున్న ఇల్లు, వినికిడి లోపమో నడక లోపమో ఉన్న పిల్ల ఉన్న ఇల్లు, వీటిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

విద్యార్థులు ఇటువంటి పనికి పూనుకొనడం మన దేశానికి క్రొత్త గాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో, 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. అందులో చేరిన విద్యార్థి రెండు సంవత్సరాలలో 240 గంటలు సేవకు వినియోగించాలి. ‘నేను కాదు, నీవు’ అన్నది దాని ఆదర్శ వాక్యం. దానికి ఎంతో ముందే, మన తెలుగు నేలపై దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు బాల్యంలోనే హిందీ నేర్చి, బాలికలకు, స్త్రీలకు పాఠశాల నడిపారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూ గారినే లోనికి పోనివ్వలేదు. అప్పటికామె వయస్సు పదునాలుగేండ్లు. ఈ కథను ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం అందులో మరొక నీతి కనబడుతుంది. సేవకునికి నియమం ముఖ్యం. ఎదుట నిలిచినది ఎవరైనను అప్పగించిన పని చెప్పిన తీరున చేయడం ముఖ్యం.

“మేము బి.ఎడ్. చదవలేదు, పాఠం చెప్పగలమా?” అని మీలో కొందరు నన్నడిగారు. దానికి సమాధానం మన రాష్ట్రంలోనే ఉన్నది. ముంబయిలో ప్రథమ్ సంస్థ 1990 దశకంలో ‘బాలసఖి’ పేరిట ఒక పద్ధతిని ఆరంభించింది. పేటలోని యువతులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, మూడు నాలుగు తరగతులలో వెనుకబడిన పదిహేను ఇరువది మంది పిల్లలను రోజుకు రెండు గంటలు వారికి అప్పగించారు. ముంబయి, వడోదర నగరాలలో ఆ ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు 2007లో ప్రకటించిన అధ్యయనంలో ఆ పిల్లల మార్కులు మెరుగుపడినట్లు తేల్చారు. ఆ పరిశోధకులలో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, 2019లో నోబెల్ బహుమతి పొందినవారే. ఆ యువతులు మహా పండితులు కారు. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని గాక, ఏ మెట్టుమీద ఆగిపోయాడని చూసి, ఆ మెట్టునుండే చెప్పారు. రహస్యమంతా అందులోనే ఉన్నది.

మన బడిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. బి.కాం. చదువుతున్న ఒక పూర్వ విద్యార్థి ఐదవ తరగతి బాలికకు గుణకారం నేర్పడానికి పూనుకొన్నాడు. ఇరువదిఐదును నలభైతో హెచ్చించమంటే పలకమీద ఆమె ఏదో వ్రాసింది, నాలుగుసార్లూ తప్పే. అతడు విసుగు చెందకుండా, “మీ అమ్మ వేయి బీడీలు చేస్తే ఎన్ని కట్టలు కట్టాలి?” అని అడిగాడు. “నలభై” అని ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. కట్టకు ఇరువదిఐదు. మరి ఐదు వందలకు? “ఇరవై.” లెక్క ఆ పిల్లకు వచ్చును, వ్రాత రాదు. ఇంట చేసే పనికీ బడిలో వ్రాసే అంకెకూ మధ్య వంతెన ఎవ్వరూ వేయలేదు. ఆ నాటినుండి అతడు ప్రతి లెక్కనూ ముందు నోటితో చెప్పించి, పిమ్మట పలకమీద వ్రాయించసాగాడు. మూడు మాసాలలో ఆ బాలిక గుణకారం, భాగహారం రెండూ పట్టుకొన్నది. “మొద్దు” అన్న మాట ఎంత అన్యాయమైనదో నేనెరుగుదునుగాని, ఆ యువకుడు అది కండ్లారా చూసి నేర్చుకొన్నాడు. కనుక, సేవ చేయువాడు ఇచ్చుట ఎంతో, పొందుట కూడ అంతే.

ఇక శిక్షణలో మీరు నేర్వవలసిన విషయాలను క్లుప్తంగా విన్నవిస్తాను.

మొదటిది, క్రమం తప్పకపోవడం. మంగళవారం వస్తానన్న అక్కయ్య కోసం ఆ పిల్ల సోమవారం నుండే ఎదురు చూస్తుంది. రెండు నెలలు వచ్చి, పరీక్షలని చెప్పకుండా మానివేస్తే, ఇంతకు ముందే ఎవరో ఒకరు విడిచిపోయిన పిల్లకు మరొకరు విడిచిపోయినట్లే. ఒక విద్యా సంవత్సరం పూర్తిగా రాగలిగినవారే చేరండి. రాలేని రోజు ముందుగా తెలుపండి. ఏడాది చివర వీడ్కోలు కూడ పిల్లలకు చెప్పి పుచ్చుకోండి.

రెండవది, వినడం. పిల్లవాని ఇంటి సంగతులు గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. తానై చెప్పినపుడు తొందరపడక, ఆశ్చర్యము చూపక వినాలి. “ఎవరికీ చెప్పను” అని మాత్రం మాట ఇవ్వవద్దు. ఎందుకనగా కొన్ని సంగతులు చెప్పి తీరవలసినవి. లైంగిక నేరాల నుండి బాలలకు రక్షణ కల్పించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, అటువంటి నేరం జరిగిందని తెలిసిన వారెవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే. పిల్లలను మీరు విచారించవద్దు. అదే రోజు నాకు గాని, బాధ్యురాలైన ఉపాధ్యాయినికి గాని తెలుపండి. ఆపదలో ఉన్న బాలల కొరకు 1996లో ముంబయిలో ఆరంభమైన 1098 ఫోను సేవ నేడు ప్రభుత్వ నిర్వహణలో ఉన్నది. ఆ అంకె ప్రతి తరగతి గోడమీద వ్రాయించాము.

మూడవది, హద్దులు. తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఏ పిల్లతోనూ కూర్చోరాదు. ఇద్దరు సేవకులు ఒకే చోట ఉండాలి. పిల్లలను మీ ఇంటికి గాని, షికారుకు గాని తీసుకుపోరాదు. ఈ నియమాలు మీమీద అనుమానంతో పెట్టినవి కావు. పిల్లలకూ మీకూ కూడ రక్షణగా పెట్టినవి.

నాలుగవది, గౌరవం. పుస్తకం ఇస్తూ ఫోటో తీసి నలుగురికీ పంపడం నేటి వేడుక అయింది. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపును పత్రికలలో, ప్రసార సాధనాలలో బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధించింది. చట్టం మాట అటుంచి, రేపు ఆ పిల్ల కళాశాలకు పోయినపుడు చేయి చాచిన తన ఫోటో పదిమంది చేతులలో ఉంటే ఎట్లుండునో ఆలోచించండి.

అయిదవది, భాష. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, సినిమాలో హిందీ. మూడూ కలిపి మాట్లాడితే నవ్వకండి. భయపడిన పిల్ల నోట మొదట వచ్చేది అమ్మ నేర్పిన మాటయే. ఆ మాటలోనే ధైర్యం చెప్పండి. మరాఠీ, ఆంగ్లం ఆ పిమ్మట వస్తాయి. తెలుగు మాధ్యమ పాఠశాల ఈ ఊరిలో ఎందుకు నిలబడాలని అడిగేవారికి నా సమాధానం కూడ ఇదియే.

తల్లులతో ఒక మాట. “సాయంకాలం పిల్లను పంపితే మొనలు ఎవరు ముడుస్తారు?” అని మీరడగడం నేను విన్నాను. అది అన్యాయమైన ప్రశ్న కాదు; వేయికి లెక్కగట్టే కూలిలో ఆ చిన్న చేతుల పాలు ఎంతో నాకు తెలుసు. బాలకార్మిక నిషేధానికి 1986లో చేసిన చట్టం బీడీల తయారీని నిషిద్ధ పనులలో చేర్చింది; ఇంటిలో కుటుంబం చేసుకొనే పనిని మాత్రం వదిలివేసింది. 2016 సవరణ పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్నది. ఇంటివారికి సాయపడటాన్ని బడివేళల తర్వాత, ప్రమాదం లేని పనులలో మాత్రమే అనుమతించింది. తంబాకు ధూళి ఎటువంటిదో దగ్గుతున్న తల్లులకు నేను చెప్పవలసిన పని లేదు. నేను కోరేది వారానికి రెండు సాయంకాలాలు, గంటన్నర చొప్పున. చంటి తమ్ముణ్ణి కూడ తెచ్చుకోనివ్వండి. వానికొక చాప, నాలుగు బొమ్మలు ఏర్పాటు చేస్తాము. మా విద్యార్థులు ఎవ్వరూ మీ ఇంటికి వచ్చి మీకు ఉపదేశం చేయరని మాట ఇస్తున్నాను.

సహోపాధ్యాయులకు నా విన్నపం. సేవకులు వచ్చారని మన పని వారి మీద వేయరాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టం చదువు చెప్పే బాధ్యతను ఉపాధ్యాయునిపై ఉంచింది. వారు తోడు మాత్రమే. ఏ పిల్ల ఎక్కడ ఆగినదో మనము వ్రాసి ఇవ్వాలి. వారు తెలిపినది మనము వినాలి.

విద్యార్థి మిత్రులారా, ఈ సేవకు యోగ్యతా పత్రం లభిస్తుంది, కాదనను. దానికోసమే వచ్చినా నాకు అభ్యంతరం లేదు. వచ్చిన పిమ్మట నిలబడితే చాలు. మీలో చాలమంది ఆ బీడీల చేట ప్రక్కనే కూర్చొని అక్షరాలు దిద్దినవారే. ఆ దారి ఎంత ఇరుకైనదో మీకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. కనుకనే మిమ్మల్ని పిలిచాము. శిక్షణ నాలుగు ఆదివారాలు. నాలుగింటికీ హాజరైనవారినే పిల్లల వద్దకు పంపుతాము.

ఈ కార్యం నిర్విఘ్నంగా సాగాలనీ, శతవార్షికోత్సవం నాటికి ఈ చాపలమీద కూర్చొన్న పిల్లలే వచ్చి మరొక తరానికి చదువు చెప్పాలనీ ఆకాంక్షిస్తున్నాను.