కుక్క మొరగలేదు.. అంటే తెలిసినవాళ్ల పనేనా? లిండ్‌బర్గ్ కేసులో వాగూష్ సంగతి

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది ఒక కుక్క గురించి. పేరు వాగూష్. టెరియర్ జాతి, చిన్న సైజు. 1932 మార్చి 1 రాత్రి అది ఇంట్లోనే ఉంది, కానీ మొరగలేదు. అంతే, దాని మీద తొంభై ఏళ్లుగా జనం వాదించుకుంటూనే ఉన్నారు.

ఇల్లు ఎవరిదంటే, చార్లెస్ లిండ్‌బర్గ్‌ది. 1927లో న్యూయార్క్ నుంచి పారిస్‌కి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా విమానం నడిపిన మనిషి. అప్పట్లో ఆయన క్రేజ్ మన స్టార్ హీరోల కంటే ఎక్కువే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, హోప్‌వెల్ దగ్గర అడవిలాంటి చోట కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. మామూలుగా వారాంతం అక్కడ గడిపి, తర్వాత ఆయన భార్య ఆన్ పుట్టింటికి వెళ్లిపోయేవాళ్లు. ఆ వారం బాబుకి జలుబు చేసిందని మంగళవారం కూడా ఆగిపోయారు. బాబు వయసు 20 నెలలు.

రాత్రి పది గంటలకి ఆయా వెళ్లి చూస్తే మంచం ఖాళీ. కిటికీ దగ్గర 50 వేల డాలర్లు అడుగుతూ ఉత్తరం. బయట విరిగిన నిచ్చెన. పై అంతస్తులో ఉన్న ఆ గదిలో ఒక కిటికీ తలుపు వంగిపోయి సరిగా పడేది కాదు, అదీ కలిసొచ్చింది.

ఇక్కడే అందరికీ ఒకటే డౌట్. కుక్క ఎందుకు మొరగలేదు? షెర్లాక్ హోమ్స్ కథ 'సిల్వర్ బ్లేజ్' చదివినవాళ్లకి వెంటనే వెలుగుతుంది. అందులో గుర్రాన్ని ఎత్తుకెళ్తుంటే కుక్క గమ్మున ఉంటుంది, ఎందుకంటే వచ్చినవాడు దానికి తెలుసు. సో ఇక్కడ కూడా ఇంట్లోవాళ్ల పనే! మంగళవారం అక్కడే ఉన్నారని బయటివాళ్లకి ఎలా తెలుసు అనే ప్రశ్న కూడా తోడైంది. ఆ ప్రశ్న మాత్రం మంచి ప్రశ్నే, నేను కాదనను.

ఆగండి, ఇక్కడ మా ఇంటి విషయం ఒకటి చెప్పాలి. నేను బీటెక్ సెకండియర్‌లో ఉండగా ఒక రాత్రి మా వాకిట్లోంచి నాన్న బైక్ పోయింది. మా టైగర్ చప్పుడు చేయలేదు. "తెలిసినవాడే అయ్యుంటాడు నాన్నా" అని పెద్ద డిటెక్టివ్‌లా అన్నది నేనే. రోజూ తెల్లారకముందే వచ్చేది పాలబ్బాయి. మా అమ్మని అత్తా అని పిలిచేవాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు వాణ్ణి నిలబెట్టి అడిగారు. తర్వాతి నెల నుంచి మా వీధికి రావడం మానేశాడు. బైక్ దొరకనే లేదు. టైగర్‌కి అప్పటికే పన్నెండేళ్లు, చెవులు దాదాపు వినపడవు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరం కూడా ఆ రోజు అనలేదు.

తర్వాత ఉద్యోగంలో ఇదే పాఠం ఇంకోలా తగిలింది. నైట్ సపోర్ట్‌లో ఒక్క అలర్ట్ రాలేదని హాయిగా పడుకున్నా. పొద్దున చూస్తే సర్వర్ పడిపోయి మూడు గంటలైంది. మా లీడ్ అడిగింది ఒక్కటే, "దీనికి అలర్ట్ వచ్చే ఏర్పాటు అసలు ఉందా?" లేదు.

అదే ప్రశ్న వాగూష్‌కి వేద్దాం. అది ఆ టైమ్‌కి ఎక్కడుంది? పనివాళ్లు ఉండే వైపు, అంటే బాబు గదికి బాగా దూరంగా, ఇంటి అవతలి కొసన. బయట గాలి హోరు. తొమ్మిది దాటాక చెక్కపెట్టె విరిగినట్టు ఒక చప్పుడు లిండ్‌బర్గ్‌కే వినిపించింది, ఆయనే లేచి చూడలేదు. మనిషి పట్టించుకోలేదు, కుక్కని మాత్రం బోనెక్కిస్తారు!

ఇంకోటి. కోర్టు చివరికి శిక్ష వేసింది బ్రూనో హాప్ట్‌మన్ అనే వడ్రంగికి. అతని గ్యారేజీలో లిండ్‌బర్గ్ కట్టిన సొమ్ములో 14 వేల డాలర్లకు పైగా దొరికాయి. 1936 ఏప్రిల్‌లో మరణశిక్ష అమలు చేశారు. ఆ తీర్పు మీద ఇప్పటికీ అనుమానాలున్నాయి, అది వేరే పెద్ద కథ. కానీ తీర్పే నిజమైతే, వచ్చినవాడు వాగూష్‌కి ముక్కూ మొహం తెలియనివాడు. అయినా అది మొరగలేదు.

కానీ ఈలోగా ఇంట్లోవాళ్ల మీద అనుమానం ఊరికే పోలేదండీ. ఆన్ పుట్టింట్లో వయొలెట్ షార్ప్ అనే పనమ్మాయి ఉండేది, ఇంగ్లండ్ నుంచి వచ్చింది. ఆ రాత్రి ఎక్కడున్నావంటే కంగారులో పొంతన లేని జవాబులు చెప్పింది. పోలీసులు మళ్లీ మళ్లీ పిలిచారు. 1932 జూన్‌లో, ఇంకోసారి విచారణకి రమ్మన్నాక, విషం తాగి చనిపోయింది. ఆమె ఆ రాత్రి ఎక్కడుందో తర్వాత తేలింది. ఈ నేరంతో సంబంధం లేదు.

బాబు శవం మే 12న ఇంటికి కొన్ని మైళ్ల దూరంలో చెట్ల మధ్య దొరికింది.

ఆ ఘటన జరిగిన కొత్తలో ఆన్ తన అత్తగారికి ఉత్తరం రాసింది. అందులో వాగూష్ మాట కూడా ఉంది. అంత దూరం నుంచి, ఆ గాలి హోరులో దానికి వినపడే అవకాశం లేదని రాసింది. అప్పట్నుంచి మాత్రం మొరుగుతూనే ఉందట.

నిచ్చెన చెక్క ఒక్కదాన్ని పట్టుకుని ఇంటి అటక దాకా ఎలా వెళ్లారో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటానండీ.