ఖాట్మండులో తొలి మూడు దినాలు

శ్రోతలకు ముందుగా గడియారం సంగతి చెప్పవలసి ఉన్నది. నేపాలు కాలమానం మన కాలమానంకంటె 15 నిమిషాలు ముందు నడుస్తుంది. రేడియోలో పనిచేసేవారికి పావుగంట సామాన్యం కాదు. ఒక ప్రసంగము, దాని వెనుక ఒక చిన్న పాట పట్టే వ్యవధి అది. రక్సౌలు దగ్గర సరిహద్దు దాటి, వీర్‌గంజిలో ముల్లు ముందుకు జరుపుకొన్నప్పుడుగాని పరదేశం వచ్చినామన్న మాట మాకు మనసుకెక్కలేదు.

2015 మే 5వ తేదీ అది. ఏప్రిల్ 25, శనివారం నాడు, నేపాలు గడియారం ప్రకారం ఉదయం 11 గంటల 56 నిమిషాలకు వచ్చిన భూకంపంలో ఆ దేశాన దాదాపు 9 వేలమంది మరణించినారు. శనివారం అక్కడ సెలవుదినం. వేలాది తరగతి గదులు కూలినవి గాని, పిల్లలు వాటిలో లేరు. మేము ఏడుగురము కొలువులకు సెలవు పెట్టి, చందాలు పోగుచేసి, టార్పాలిన్లు నింపిన లారీతో బయలుదేరినాము. త్రిశూలి ఒడ్డున, కొండదారిలో, నిండు బస్సులు మాకు ఎదురు వస్తున్నవి. నగరంలో కూలి చేసుకొనేవారు, చదువుకొనేవారు, పల్లెలో తమవారు ఏమైనారో చూచుకొనడానికి పోతున్నారు.

మరునాటి సాయంకాలం లోయలోకి దిగినాము. మొదట కనబడినవి చెక్కు చెదరని మేడలు. వాటిలో ఒక్క దీపమూ లేదు. ఇల్లు నిలిచినవారు కూడ భూమి మళ్లీ కదులుతుందన్న భయంతో ఆరుబయట పడుకొంటున్నారు. టుండిఖేలు మైదానమంతా గుడారాలు. పాతనగరంలో, ఊరికి పేరిచ్చిన కాష్ఠమండపం కుప్పపడి ఉన్నది. ఆ పూట అందులో రక్తదానం జరుగుతున్నదట. ఇతరుల ప్రాణం నిలపడానికి వచ్చినవారిలో కొందరు అక్కడే పోయినారు. తరువాతి సంవత్సరాలలో ఆ మండపాన్ని తిరిగి కట్టినారు. నాడు మాత్రం దాని ముందు నిలబడడం కష్టమైనది.

మా గుడారం పక్కన ఒక ముసలామె సీసాలో నీళ్లు పోసి ఎదుట పెట్టుకొని ఉండేది. నీళ్లు కదిలితే మనుమలను లేపడానికి. మమ్మల్ని చూచి ఆమె అడిగిన మొదటి మాట, "ఖానా ఖాను భయో?" భోజనమయిందా అని. మన ఊళ్లలో గడపలో నిలబడి అడిగే మాటే. ఆమెకు గడప లేదు.

మైదానంలో చాల గుడారాలనుండి రేడియో వినవచ్చేది. 1997లో రేడియో సాగరమాథాతో మొదలైన సామాజిక రేడియో కేంద్రాలు ఆ దేశమంతటా వ్యాపించి ఉన్నవి. గోడలు బీటలు వారగా కొన్ని కేంద్రాలు డేరాలకిందనుండే ప్రసారం చేసినవి. ఫలానా గంటకు ఇంకా పెద్దది వస్తుందని పుకార్లు పుట్టేవి. భూకంపాన్ని గంట చెప్పి ముందుగా పసికట్టగలవారు లేరని ఆ కంఠాలు ఓపికగా, మళ్లీ మళ్లీ చెప్పేవి. మా వృత్తికి ఇంతకుమించిన పని ఉంటుందని మేము అనుకోము.

రెండవనాడు మాలో ఒక వివాదం వచ్చినది. కళ్లెదుట ఇందరు తడుస్తూ ఉండగా టార్పాలిన్లు ఇక్కడే పంచవలెనని ముగ్గురి పట్టు. అప్పుడు స్థానిక యువకులతో కలిసి పనిచేసే ఒక కళాశాల విద్యార్థిని తన నోటుపుస్తకం తెచ్చి మా ముందు విప్పినది. సింధుపాల్చోకు జిల్లాలోని తన ఊరి ఇండ్లు, ఇంటింటికి మనుషులు, పసిపిల్లలు, బాలింతలు, అంతా వరుసగా రాసి ఉన్నది. మరణాలు అన్నిటికంటె ఎక్కువైన జిల్లా అదే.

"దాయీ, ఇక్కడికి లారీ వస్తుంది. మా కొండకు రాదు. జూనులో వానలు పడతాయి," అన్నది. దాయి అంటే అన్న.

"నీవు దారి చూపుతావా, బహినీ?" అన్నాము. మాటల్లో ఆ చెల్లెలికి హిందీ వచ్చును; మాకు కొంచెం.

మూడవనాడు బయలుదేరినాము. లారీ ఆగినచోటునుండి ఊరివారే మూటలు మోసినారు. పుస్తకం ప్రకారం, ఇంటికొకటి చొప్పున, ఆమె పేరు చదువగా మేము అందించినాము.

మే 12వ తేదీ మధ్యాహ్నం రెండవ పెద్ద భూకంపం వచ్చినది. మొదటిసారి నిలిచిన గోడలు కొన్ని మా కళ్లముందే పోయినవి. దుమ్ము అణిగిన తరువాత ఆమె ఒక రాతిమీద కూర్చుండి, పుస్తకంలో కొత్త పుట తీసి, మొదటి ఇంటి పేరు పిలిచినది.