పాట్రిక్ పండుగ – పిల్లల నోటుపుస్తకాలు



ఐర్లండు ప్రజలు ఏటా మార్చి 17న జరుపుకొనే సెయింట్ పాట్రిక్ పండుగను గురించి నాలుగు మాటలు చెప్పడానికి నిలుచున్నాను. ఆకుపచ్చ దుస్తులను, ఊరేగింపులను టీవీలో చూసి మా మనుమడు "ఏమిటి తాతా ఇది?" అని అడిగాడు. వాడికోసం చదవడం మొదలుపెట్టి, చివరకు నాకోసం చదివాను.

పాట్రిక్ అయిదవ శతాబ్దపు క్రైస్తవ బోధకుడు. పుట్టింది బ్రిటన్‌లో. పదహారేళ్ళ ప్రాయంలో దోపిడీదొంగలు పట్టుకొనిపోయి ఐర్లండులో బానిసను చేయగా, ఆరేళ్ళు మందలు కాచాడు. ఈ సంగతులు ఆయనే లాటినులో రాసుకొన్నాడు. లోకమంతా చెప్పుకొనే రెండు కథలు మాత్రం ఆ రాతలో లేవు. పాములన్నిటినీ సముద్రంలోకి తరిమాడన్నది ఒకటి. మంచుయుగం తరువాత ఆ దీవికి పాములు చేరనేలేదు, తరమడానికి ఉంటే కదా! మూడాకుల షామ్‌రాక్‌ను చూపి త్రిత్వాన్ని బోధించాడన్నది రెండవది. అది అచ్చులో కనబడింది 1726లో. షామ్‌రాక్ అన్న పేరు ఐరిష్ నుడిలోని 'షామ్‌రోగ్' నుండి వచ్చింది. చూపుకు మన పులిచింతాకు వలె ఉంటుంది. అసలైన షామ్‌రాక్ ఏ మొక్క అన్నదానిపై వారిలో వారికే ఏకాభిప్రాయం లేదు.

ఇంటి ఆచారాలు నన్ను ఇంతకన్నా ఎక్కువ ఆకట్టుకొన్నాయి. పిల్లలు కాగితపు శిలువలకు రంగులద్ది దుస్తులకు తగిలించుకొనేవారు. మగవారు టోపీలో షామ్‌రాక్ రెమ్మ పెట్టుకొని, రాత్రి ఆ రెమ్మనే చివరి పానపాత్రలో ముంచి, తాగి, ఎడమ భుజం మీదుగా వెనుకకు విసిరేవారు. ఈస్టరుకు ముందు ఉపవాసాల నడుమ వచ్చే పండుగ గనుక ఆనాటికి నియమం సడలేది. రైతుల మాట మరొకటి ఉంది: ఫిబ్రవరి 1న వచ్చే బ్రిజిడ్ పండుగ మొదలు రోజు విడిచి రోజు ఎండ కాస్తుందట, పాట్రిక్ పండుగ దాటితే ప్రతిరోజూ కాస్తుందట.

1903లో చట్టం ద్వారా ఇది సెలవు దినమైంది. ఆనాడు మద్యశాలలు మూయించాలని పట్టుబట్టినవారిలో 1893లో ఐరిష్ నుడి కోసం పుట్టిన గేలిక్ లీగ్ ముందున్నది. నేటికీ మార్చి 1 నుండి 17 వరకు అక్కడ ఐరిష్ నుడి ఉత్సవాలు జరుగుతాయి. 2022 జనగణనలో ఐరిష్ వచ్చునన్నవారు 18 లక్షలకు పైబడి ఉండగా, బడి వెలుపల రోజూ మాట్లాడేవారు 72 వేలకు లోపే. ఈ అంకెల దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అయినా ఇంటి ఆచారాలెన్నో నేటికీ వివరంగా తెలుస్తున్నాయంటే పిల్లల పుణ్యం కూడా ఉంది. 1937–39 నడుమ అక్కడి జానపద సంఘం ప్రాథమిక పాఠశాలల చేత ఒక పని చేయించింది. యాభై వేలకు పైగా పిల్లలు అవ్వాతాతలను, ఇరుగుపొరుగు ముసలివారిని అడిగి పండుగలు, మందులు, సామెతలు, దయ్యాల కథలు నోటుపుస్తకాలలో రాసుకొచ్చారు. కొందరు ఐరిష్‌లో, ఎక్కువమంది ఇంగ్లీషులో. ఆ పుటలు నేడు అంతర్జాలంలో ఎవరైనా చదువుకోవచ్చు.

మా అవ్వ ఉగాదినాడు గడపకు పసుపు పూస్తూ ఏవో మాటలు గొణిగేది. పక్కనే కూర్చొనేవాణ్ణి, ఏమిటని ఒక్కనాడూ అడగలేదు. బడిలో తెలుగు లేదు గనుక ఆ మాటలు రాసిపెట్టుకొనే అక్షరాలూ అప్పుడు నాకు రావు. నలభై ఏళ్ళు దాటాక నేర్చుకొన్నాను, అప్పటికి అవ్వ లేదు.

మీ ఇళ్ళలో ముసలివారు ఉన్నారు. వంద పేజీల నోటుపుస్తకాలు కొన్ని తెచ్చాను, వెనుక బల్లమీద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు పిల్లలకు తలా ఒకటి తీసుకొని వెళ్ళండి.