సి డ్రైవ్ ఉంది సరే, ఏ, బి ఏమయ్యాయి?

(అబూ హలీఫాలో రికార్డు చేసిన ఎపిసోడ్‌కు రాత రూపం. డ్యూటీ బస్సులో వినే వీలు లేనివాళ్ళ కోసం.)

 

ఈసారి విషయం ఏంటంటే, కంప్యూటర్లలో, ఫోన్లలో కొన్ని వింత పద్ధతులు ఎందుకుంటాయి, ఎన్నేళ్ళైనా ఎందుకు పోవు అని. ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఊరి నుంచి పంపిన తెలుగు కాగితం మీ ఫోన్‌లో పిచ్చి పిచ్చి అక్షరాలుగా కనపడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది.

విండోస్ కంప్యూటర్ దగ్గరుంటే ఒక పని చేయండి. కొత్త ఫోల్డర్ తెరిచి, దానికి ఇంగ్లీషులో సి, ఓ, ఎన్ అని మూడక్షరాల పేరు పెట్టండి. పెట్టనివ్వదు.

ఎందుకో చెప్తాను. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌లో ఫోల్డర్లు అనేవే లేవు. ఫ్లాపీలో ఫైళ్ళన్నీ ఒకే వరుసలో ఉండేవి. కీబోర్డు, తెర కలిపి 'కాన్' అని పేరు. ప్రింటర్‌కి 'పీఆర్ఎన్' అని పేరు. ఆ పేరుతో ఫైలు రాస్తే అది నేరుగా ప్రింటర్‌కి వెళ్ళేది. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చాయి. అప్పుడు చిక్కొచ్చింది. ఏదో ఫోల్డర్‌లో ఉండి పాత ప్రోగ్రాం 'పీఆర్ఎన్' అంటే, ప్రింటర్‌కి పంపాలా, కొత్త ఫైలు చేయాలా? ఫైలు చేస్తే పాత ప్రోగ్రాములన్నీ చెడిపోతాయి. అందుకని ఏ ఫోల్డర్‌లోనైనా ఆ పేరు ప్రింటర్‌దే అన్నారు. నలభై ఏళ్ళు దాటినా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు.

సి డ్రైవ్ కథా అంతే. మొదట్లో రెండు ఫ్లాపీలకు ఏ, బి. 1983లో హార్డ్ డిస్క్‌తో ఎక్స్‌టీ మోడల్ వస్తే దానికి సి. ఫ్లాపీలు పోయాయి, సి మిగిలింది. ఇప్పుడు దాన్ని ఏ చేస్తే, లోపల 'సి' అని రాసి పెట్టుకున్న ప్రోగ్రాములు ఎక్కడ వెతుక్కోవాలి?

మన అబూ హలీఫా నుంచి దక్షిణంగా ఫహాహీల్ వైపు పోతే మీనా అల్ అహ్మదీ రిఫైనరీ. అలాంటి చోట షట్‌డౌన్ పని చేసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కొత్త పైపు ఎంత మంచిదైనా, పాత లైన్‌కి కలపాలంటే ఫ్లేంజ్ పాతదానికి సరిపోవాలి. బోల్టు రంధ్రాలు ఎన్ని, ఎంత దూరం అన్నది పాత లైనే చెప్తుంది. ఆ పాత లైన్‌ని మార్చాలంటే యూనిట్ ఆపాలి. రిఫైనరీలో యూనిట్ ఆపడానికి ఒక తేదీ వేసుకుంటారు. ప్రపంచంలో కంప్యూటర్లన్నిటినీ కలిపి ఆపే షట్‌డౌన్ తేదీ మాత్రం ఎవరూ వేయలేరు. ఎప్పుడూ నడుస్తున్న లైన్ మీదే పని.

ఒక్కోసారి వేరేవాళ్ళ తప్పు కూడా మోయాలి. సిమ్‌సిటీ అని ఒక ఆట ఉండేది. రూములో బెడ్ ఖాళీ చేసి వెళ్ళినవాడు మళ్ళీ వచ్చి దాని మీదే పడుకున్నట్టు, అది వదిలేసిన మెమరీనే మళ్ళీ వాడేది. పాత కంప్యూటర్లలో ఎలాగో గడిచిపోయింది. విండోస్ 95 తయారుచేసినవాళ్ళు ఆ ఆట నడుస్తున్నప్పుడు ఖాళీ అయిన బెడ్‌ని వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. ఎందుకంటే, ఆట ఆగిపోతే జనం ఆటని తిట్టరు. కొత్త విండోస్‌ని తిడతారు.

ఇప్పుడు మన తెలుగు సంగతి. అప్పట్లో ఒక ఫాంట్‌లో 256 గళ్ళే ఉండేవి. విండోస్‌లో తెలుగుకి చోటు లేదు. అది 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. కానీ పెళ్ళి కార్డులు, కరపత్రాలు అప్పటిదాకా ఆగవు కదా. అందుకని అను లాంటి ఫాంట్లు చేసినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలోనే తెలుగు ఆకారాలు పెట్టారు. కంటికి తెలుగు, కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు. ఆ ఫాంట్ లేని మీ ఫోన్‌లో ఆ ఇంగ్లీషు అక్షరాలే బయటపడతాయి. ఫైలు పాడవలేదు, ఎవరూ మోసం చేయలేదు.

మరి యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకి సొంత గళ్ళున్నాయిగా, డీటీపీ షాపులు ఎందుకు మారవు? చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ వాడతారు. దాని చివరి వెర్షన్ 7, అదీ 2001 నాటిదే. దానికి యూనికోడ్ తెలియదు. ఇన్నేళ్ళ డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. మళ్ళీ అదే పాత లైను.

యూనికోడ్‌లోనూ పాత గుర్తులున్నాయి. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరుస ఉండాలని మన దేశంలో ఇస్కీ అనే పద్ధతి చేశారు. యూనికోడ్ ఆ వరుసే తీసుకుంది. హిందీ క ఎన్నో గడిలో ఉందో, తెలుగు క తన వరుసలో అదే గడిలో ఉంటుంది. హిందీ వరుసలో ఉండి మనకు లేని అక్షరాల దగ్గర మన గళ్ళు కొన్ని ఇప్పటికీ ఖాళీ. ఒకసారి ఇచ్చిన గడిని మార్చకూడదని యూనికోడ్ నియమం. ఆ మొండితనం మనకే మేలు. ఈరోజు మీరు ఇంటికి పంపిన మెసేజ్ ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తెలుగుగానే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. షాపు నుంచి కాగితం తెప్పించుకుంటే పీడీఎఫ్ అడగండి. ఫాంట్ లోపలే ఉంటుంది కాబట్టి చదవడానికి సరిగ్గా కనపడుతుంది. కానీ దాంట్లో మాటలు మార్చాలన్నా, వెతకాలన్నా అది చాలదు. పరీక్ష సులువు: ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే యూనికోడ్. పిచ్చి అక్షరాలొస్తే చాలావరకు పాత ఫాంట్. "యూనికోడ్‌లో పంపన్నా" అని అడగండి. పొలం కాగితాలు, అగ్రిమెంట్ల విషయంలో మాత్రం అక్షరాలు ఊహించుకుని మీరే తిరిగి టైపు చేయొద్దు.

చివరగా ఒక తేదీ. యూనిక్స్ పద్ధతిలో టైమ్ అంటే 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. దానికి మొదట్లో 32 బిట్ల చోటే ఇచ్చారు. ఆ చోటు 2038 జనవరి 19న, కువైట్ టైమ్ ఉదయం 6:14:07కి నిండిపోతుంది. కొత్త ఫోన్లు 64 బిట్లకు మారాయి. గోడకు బిగించి మర్చిపోయిన పాత సీసీటీవీ బాక్సులు, కంట్రోల్ ప్యానెళ్ళతోనే చిక్కు. అవి చూసుకునే పని మనవాళ్ళలో చాలామందిది.

మీ సివిల్ ఐడీ నెంబర్ తీసి చూడండి. మొదటి అంకె 2 ఉంటే పుట్టింది 1900లలో, 3 ఉంటే 2000 తర్వాత. ఆ తర్వాత ఆరంకెలు పుట్టిన తేదీ. ఆ ఒక్క అంకె వల్ల 1924లో పుట్టిన తాత, 2024లో పుట్టిన మనవడు కలిసిపోరు. ముందే కాస్త చోటు వదిలితే ఎంత మేలో చూశారుగా.

మీ పని దగ్గర ఇలా ఎవరూ మార్చలేని పాత పద్ధతి ఏదైనా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.