చిన్న వర్తకుడు - కృత్రిమ మేధ
(పట్టణ పఠనమందిరమున వర్తకుల సభలో గావించిన ప్రసంగ పాఠము)



కృత్రిమ మేధ వలన చిన్న అంగళ్లు నిలుచునా, మునుగునా అని సభవారు మమ్ము ప్రశ్నించిరి. మేము యంత్రశాస్త్రజ్ఞులము కాము, న్యాయవాదులము. వర్తకుల తగవులు మా బల్ల మీదికి వచ్చుచుండును. అట్లు వచ్చిన యొక తగవుతోనే ప్రారంభింతుము.

మంగళగిరి నూలుచీరలమ్ము వర్తకుడొకడు మాకు పరిచితుడు. ఆయనకు తెలుగు తప్ప అన్యభాష రాదు. ఫోనులో కృత్రిమ మేధనడిగి చీరల వర్ణనలను హిందీ, ఇంగ్లీషులలో వ్రాయించుకొనెను. రెండు నెలలలో తానెన్నడును చూడని ఊళ్లనుండి బేరములు వచ్చినవి. కాని జరీయంచు గల నూలుచీరనొకదానిని యంత్రము స్వచ్ఛమైన పట్టుచీరయని వర్ణించెను. ఎవరిచేతను చదివింపకయే ఆయన దానిని ప్రకటించెను. కొన్నవారు వకీలు నోటీసు పంపిరి. "నేను వ్రాయలేదండీ, యంత్రము వ్రాసినది" అని ఆయన మాతో మొరపెట్టుకొనెను.

ఆ మాట చెల్లదు. కెనడాలో ఎయిర్ కెనడా విమాన కంపెనీయే యిట్టి వాదము చేసి యోడినది. ఆప్తుల మరణమునకై ప్రయాణించువారికిచ్చు తగ్గింపును గూర్చి కంపెనీ వెబ్‌సైటులోని సంభాషణ యంత్రము ఒక ప్రయాణికునకు తప్పు చెప్పెను. యంత్రము మాటకు యంత్రమే బాధ్యురాలని కంపెనీ వాదింపగా, 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదమును త్రోసిపుచ్చి ప్రయాణికునకు పరిహారమిప్పించెను. మా వృత్తివారికిని ఈ శాస్తి తప్పలేదు. యంత్రము కల్పించిన తీర్పులను నిజమైనవని దాఖలు చేసిన న్యాయవాదులకు 2023 జూన్‌లో న్యూయార్క్ న్యాయస్థానము 5,000 డాలర్ల జుర్మానా విధించెను. అంగడి పేరు మీద వెలువడిన ప్రతి మాటకును అంగడివాడే జవాబుదారి.

యంత్రమేల పొరబడును? అది సత్యమెరిగి పలుకదు. అపారమైన వ్రాతలను చదివి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చునో పోల్చి పలుకును. కావుననే తెలియనిచోట సయితము తడుముకొనదు. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట కూరల తట్ట ముందుకూడ చదరపు గుర్తు వెలసినది. అందు సొమ్ము చేరినదో లేదో వెంటనే తెలియును. ఇచట అట్లు కాదు. తప్పు సయితము ఒప్పువలె అందముగా వచ్చును. అందుచేత దీనికి నేర్పువాడు మరింత యవసరము.

అట్లని త్రోసివేయుదమా? వలదు. గుమాస్తాను పెట్టుకొనలేనివానికిది గుమాస్తా. దుబాసీ లేనివానికి దుబాసీ. పెద్ద కంపెనీలు దీనిని వాడుచుండగా చిన్నవాడు భయపడి దూరముగా నుండుట వివేకము కాదు. కాని మేము నాలుగు నియమములు మనవి చేయుదుము. మొదట మీ చిట్టాను చక్కపరచుకొనుడు. జ్ఞాపకములో నున్న లెక్కను ఏ యంత్రమును చూడలేదు. పిదప ఒక్క పనినే యప్పగింపుడు: ఉత్తరములో, భాషాంతరమో, సరకు పట్టీయో. నెల దినములు లాభము చూచిన పిమ్మటనే సంవత్సరపు చందా కట్టుడు. మూడవది, ధర, నాణ్యము, వాగ్దానము ఈ మూడింటిని గూర్చిన మాట మనిషి కన్ను పడనిదే వెలుపలికి పోరాదు. నాలుగవది, ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు, బాకీలు యంత్రమునకు ధారపోయకుడు. నమ్మి యిచ్చినవారి వివరములను కాపాడుటకై 2023లో పార్లమెంటు చట్టమే చేసియున్నది.

ఇక సహాయమెవరు చేయుదురు? 2022లో కేంద్ర ప్రభుత్వము భారతీయ భాషలకై భాషిణిని ప్రారంభించినది. 2024 మార్చిలో కృత్రిమ మేధ కార్యక్రమమునకు సుమారు 10,372 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. మంచిదే. కాని పెద్దకాలువ త్రవ్వినంతనే మడి తడియునా? బోదె కావలయును. ఆ బోదెను త్రవ్వవలసినవారము మనము. సరకమ్మ వచ్చినవాడు తన సరకు గుణములనే చెప్పును గాని, మనకది యక్కరలేదని చెప్పడు.

1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో గ్రంథములనెక్కించి పాఠకుల చెంతకు పంపిరి. చదువువాడు రాలేనిచో చదువే వానికడకు పోవలెనని ఆ పెద్దల మతము. ఆ పద్ధతినే మేమిపుడు కోరుచున్నాము. వారమున కొక సాయంకాలము ఈ పఠనమందిరమును తెరచియుంచుడు. కళాశాల విద్యార్థులిద్దరు కూర్చుండి యంత్రము వాడుక నేర్పుదురు గాక. నడువలేని ముసలి వర్తకుని యంగడికి వారే పోవుదురు గాక. ప్రకటింపబోవు వ్రాతలను ఉచితముగా చదివి దిద్దు భారము మాది.

ఆ చీరల వర్తకుడు సొమ్ము వాపసిచ్చి, క్షమాపణ చెప్పి తగవు తీర్చుకొనెను. యంత్రమును మానలేదు. కాని నేడు ప్రతి వర్ణనను చదువుకొన్న కుమార్తెకు చూపి, ఆమె తెలుగున విప్పిచెప్పిన పిమ్మటనే ప్రకటించుచున్నాడు. అట్టి కుమార్తె ఇంటలేని వర్తకులు మన వీథిలో ఎందరో! వారికి ఈ పఠనమందిరమే దిక్కు కావలయును. వచ్చు వారమే ప్రారంభింతము.